దుర్గమ్మకు తగిన ఇంగ్లీషు మాట

అశోక్‌నగర్ నాలుగో సందు నివాసుల సంక్షేమ సంఘం 1994 జూలై 3వ తేదీ ఆదివారం ఉదయం పది గంటలకు అత్యవసరంగా సమావేశమైంది. దుర్గమ్మను ఇంగ్లీషులో ఏమనాలన్న విషయాన్ని గడువులోగా తేల్చాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. తెలుగులో ఏమనాలన్న విషయంలో సందులో ఎవరికీ సందేహం లేదు. దుర్గమ్మ అనేవారు.

దుర్గమ్మ పద్దెనిమిదేళ్లుగా ఆ సందు చివర, తొమ్మిదో నంబరు ఇంటి ప్రహరీ పక్కన, నాలుగు చక్రాల బండి మీద బట్టలు ఇస్త్రీ చేస్తోంది. సందులో ఉన్నవి పదకొండు ఇళ్లు. పదకొండిళ్ల బట్టలూ ఆమె దగ్గరికే వెళతాయి. కాలర్ చూస్తే చొక్కా ఎవరిదో చెబుతుంది. ఎవరింట్లో పెళ్లిచూపులు, ఎవరికి ఇంటర్వ్యూ, ఎవరు రిటైరయ్యారు అన్న సమాచారం సంఘం కంటే ముందు బట్టల ద్వారా ఆమెకు అందుతుంది.

జూలై 1న ఆమెకు నోటీసు వచ్చింది. హిమాయత్‌నగర్‌లోని సంబంధిత ఆఫీసు పంపింది. ప్రహరీ పక్కన అనుమతి లేకుండా ఉన్న కట్టడం గురించి పదిహేనో తేదీలోగా సంజాయిషీ ఇవ్వాలని, లేకపోతే తొలగిస్తామని అందులో ఉంది. నోటీసు ఇంగ్లీషులో ఉంది. నలిగి ఉంటే దుర్గమ్మ దాన్ని కూడా ఇస్త్రీ చేసి, లుంగీల మధ్య పెట్టుకుని, సంఘం అధ్యక్షులు సూర్యప్రకాశరావు గారి ఇంటికి తెచ్చింది.

"సారూ, గిదేందో జర సూడుండ్రి. ఆఫీసోళ్లు ఇచ్చి పోయిండ్రు."

సూర్యప్రకాశరావు గారు రాష్ట్రం ఏర్పడిన ఏడాది కాకినాడ వైపు నుంచి వచ్చి, ముప్పై నాలుగేళ్లు సర్కారు ఫైళ్ల మధ్య పనిచేసి, సూపరింటెండెంటుగా రిటైరైనవారు. నోటీసును మూడుసార్లు చదివారు.

"చాలా మంచి ఇంగ్లీషు. ఇలాంటిది చూసి నాలుగేళ్లయింది" అన్నారు.

"మంచిదేనా సారూ?"

"మంచిదే అమ్మా. నిన్ను తీసేస్తామంటున్నారు."

సమావేశంలో మొదట మాట్లాడినవారు కార్యదర్శి ఇంద్రసేన. ఆయనకు నారాయణగూడలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. సందులో పుట్టి పెరిగినవారు. "గింత దానికి మీటింగెందుకు సార్? ఆఫీసు ఈడనే ఉంది. బాలకిషన్ అని ఆఫీసరు ఉంటడు. పొయ్యి ఒక్క మాట చెప్తె అయిపోతది" అన్నారు.

"నోటీసు ఇంగ్లీషులో రాతపూర్వకంగా వచ్చిందండీ. జవాబు నోటితో చెబితే ఏం మర్యాద?" అని అధ్యక్షులు అడిగారు. కార్యదర్శి సూచన 'పరిశీలించబడినది' అని మినిట్స్‌లో రాశారు. రాసినవారు కార్యదర్శే.

అధ్యక్షుల భార్య వేదవతి గారు సమావేశానికి టీ తెచ్చి, విషయం విని, క్యాలెండర్ కాగితం వెనక మూడు వాక్యాలు రాసి ఇచ్చారు. 'దుర్గమ్మ ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా బండి మీద ఇస్త్రీ చేస్తోంది. ఎవరికీ అడ్డం లేదు. ఉండనివ్వండి.' సంఘం దీన్ని ఆసక్తితో విని, తెలుగులో ఉన్నందున ఫైలులో ఆఖరి పేజీగా చేర్చింది.

సంఘానికి ఒక పని పద్ధతి ఉంది. ఏ ఉత్తరమైనా ముసాయిదా రూపంలో ఒకటో ఇంటి నుంచి పదకొండో ఇంటికి వెళ్లాలి. ప్రతి ఇంటివారూ చదివి, అవసరమైన మార్పు చేసి, సంతకం పెట్టాలి. మార్పు చేయకుండా సంతకం పెట్టడమంటే చదవకుండా పెట్టడమేనని అధ్యక్షులు చాలా ఏళ్ల కిందటే హెచ్చరించి ఉన్నారు. అందువల్ల ప్రతి ఇంట్లోనూ ఒక మాట మారుతుంది. పదకొండో ఇల్లు దాటేసరికి అది కొత్త ఉత్తరం అవుతుంది. కొత్త ఉత్తరాన్ని మళ్లీ ఒకటో ఇంటికి పంపాలి. ఈ పద్ధతి వల్ల సంఘం రాసిన ఉత్తరాల్లో తప్పు ఉందని ఇంతవరకు ఏ ఆఫీసూ అనలేదు. వాటిలో చాలావరకు ఏ ఆఫీసుకూ చేరలేదు.

మొదటి ముసాయిదాలో దుర్గమ్మను హాకర్ అన్నారు. హాకర్ తిరుగుతూ కేకలు వేయాలని రెండో ఇంటివారు అభ్యంతరం చెప్పారు. దుర్గమ్మ తిరగదు. కేకలు వేస్తుంది గానీ సరుకు గురించి కాదు. వెండర్ అన్నారు. ఆమె ఏమీ అమ్మడం లేదని నాలుగో ఇల్లు గుర్తు చేసింది. వాషర్‌విమన్ అన్నారు. ఉతకడం లేదు కదా అన్నారు. ధోబీ అన్న మాట డిక్షనరీలో ఉందని ఐదో ఇంటివారు పేజీ నంబరుతో సహా రాశారు. డిక్షనరీలో ఉన్నంత మాత్రాన అది ఇంగ్లీషు కాదని ఆరో ఇంటివారు కొట్టేశారు.

ఆరో ఇంట్లో ఉండేది జోగారావు గారు. చిక్కడపల్లి గ్రంథాలయం వెనక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెబుతారు. ఒకే అర్థం గల రెండు మాటలు ప్రపంచంలో లేవన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీద రోజుకు నాలుగు బ్యాచ్‌లు నడుస్తాయి. విషయం తన పరిధిలోకి వచ్చిందని గ్రహించి, ఆయన ఆ సాయంత్రమే బండి దగ్గరికి నోటుబుక్కు తీసుకుని వెళ్లారు.

"అమ్మా, నువ్వు చేసే పని ఏమిటో నీ మాటల్లో చెప్పు" అన్నారు.

"ఇస్త్రీ జేస్త సారూ."

"అది కాదమ్మా. పని స్వరూపం. క్రమంగా."

"బొగ్గులు రాజేస్త. నీళ్లు జల్లుత. రుద్దుత. మడత పెడ్త. మీ ప్యాంటు బుధవారం నుంచి ఈడనే ఉంది, తీస్కపోతలేరు."

ఆయన చివరి వాక్యం తప్ప అన్నీ రాసుకున్నారు.

మర్నాడు కోచింగ్ సెంటర్‌లో అరవై రెండు మందికి పరీక్ష పెట్టారు. బట్టలు ఇస్త్రీ చేయు స్త్రీకి అత్యంత సమీప అర్థం గల పదమును గుర్తింపుము అన్నది ప్రశ్న. నాలుగు జవాబులు ఇచ్చారు. నాలుగోది 'పైవేవీ కావు'. యాభై ఎనిమిది మంది దాన్నే గుర్తించారు. మధ్యాహ్నానికి ప్రశ్న గ్రంథాలయం రీడింగ్ హాలుకు చేరింది. అక్కడ గ్రూప్-2కు చదువుతున్న వారు దాన్ని నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. రాబోయే పరీక్షలో వస్తుందని ఖాయంగా తెలిసిందని కొందరు చెప్పారు.

దుర్గమ్మ రోజూ సాయంత్రం బట్టలు ఇవ్వడానికి వచ్చి అడిగేది. "సారూ, రాసిండ్రా?"

"రాస్తున్నామమ్మా. చిన్న విషయం కాదు."

"గడువు దగ్గర పడుతున్నదంట గద."

"అందుకే జాగ్రత్తగా రాస్తున్నాం."

జూలై 6న అధ్యక్షులు మధ్యంతర జవాబు పంపారు. పూర్తి జవాబు తయారవుతోందన్నది అందులోని విషయం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని స్వయంగా వెళ్లి, ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చారు. సంతకం చేసిన మనిషే ఇంగ్లీషు ఉత్తరాన్ని తీసుకెళ్లాలని, ఆ మనిషి చొక్కా మీద ముడత ఉండకూడదని ఆయన సర్వీసంతా పాటించిన నియమం.

మధ్యంతర జవాబులో ఏదో ఒక మాట వాడక తప్పలేదు. షాప్ అందామా ఎస్టాబ్లిష్‌మెంట్ అందామా అని జోగారావు గారిని అడిగారు. షాప్ రాత్రికి మూతపడుతుంది, ఎస్టాబ్లిష్‌మెంట్ నిలిచి ఉంటుంది అని ఆయన చెప్పారు. దుర్గమ్మ నిలిచి ఉండాలన్నదే సంఘం ఆశయం కనుక ఎస్టాబ్లిష్‌మెంట్ అన్నారు.

ఫలితం రెండు రోజుల్లో కనిపించింది. 8వ తేదీ శుక్రవారం ఇంకొక ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఎస్టాబ్లిష్‌మెంట్ ఎక్కడ అని అడిగారు. చూపించారు. బోర్డు లేదు, రిజిస్టరు లేదు, వారపు సెలవు లేదు అని రాసుకున్నారు.

"పనోళ్లు ఎందరు?" అని దుర్గమ్మను అడిగారు.

"నేనొక్కదాన్నే సారూ."

"మరి ఓనరు?"

"నేనే."

పనివారు ఒకరు, తనిఖీ సమయంలో యజమాని పని చేస్తూ కనిపించారు అని ఆయన రాశారు. తాను వచ్చిన రోజు గుర్తుంటుందని శుక్రవారాన్ని వారపు సెలవుగా నిర్ణయించారు. రాస్తున్నంత సేపట్లో దుర్గమ్మ ఆయన చేతిరుమాలు ఇస్త్రీ చేసి ఇచ్చింది.

సంఘం ఉత్తరానికి రెండు రోజుల్లో మనిషి రావడం అదే మొదటిసారి. అందరూ సంతోషించారు. అయితే మాట సరిపోలేదని తేలింది కనుక, సోమవారం సవరణ పంపి ఎస్టాబ్లిష్‌మెంట్‌ను లాండ్రీగా మార్చారు. మంగళవారం ఉదయం ఒకాయన టేపుతో వచ్చి, మురికి నీళ్లు ఎటు పోతున్నాయని వెతికారు. ఉతకడం లేదని, నీళ్లు చిలకరిస్తుందని చెబితే చెంబు చూపించమన్నారు. దాన్ని కొలిచి, లీటరున్నర అని రాసుకుని వెళ్లారు. మధ్యాహ్నం లాండ్రీని యూనిట్ చేశారు. బుధవారం వచ్చినాయన పొగగొట్టం అడిగారు. ఇస్త్రీ పెట్టెకు ఉన్న చిల్లులు చూపించారు. ఎత్తు చాలదన్నారు.

మాటలు మారాయి గానీ శుక్రవారం సెలవు మారలేదు.

అంతకు ముందు, 10వ తేదీ ఆదివారం, రెండో సమావేశంలో అధ్యక్షులు ప్రసంగించారు. దాని పూర్తి పాఠం ఫైలులో ఉంది. ముఖ్యభాగం ఇది: "మిత్రులారా, పది సంవత్సరాల తర్వాత ఎవరైనా ఈ ఫైలు తెరిస్తే, దుర్గమ్మ ఉందా లేదా అని చూడరు. దుర్గమ్మను మనం ఏమన్నామని చూస్తారు. ఆ రోజు మనం తలదించుకోకూడదు." చప్పట్లు మోగాయి. గేటు దగ్గర బట్టల మూటతో నిలబడ్డ దుర్గమ్మ, ఇంతమంది చప్పట్లు కొట్టారంటే పని అయినట్టేనని, తానూ కొట్టింది.

ఇంద్రసేన మరోసారి లేచారు. "సార్, నేను జర పోయొస్త ఆఫీసుకు. ఐదు నిమిషాల పని."

"మీరు వెళితే ఏమంటారు దుర్గమ్మను?"

"దుర్గమ్మ అంట."

సభలో నవ్వులు వినిపించాయి. మినిట్స్‌లో రాయలేదు.

14వ తేదీ గురువారం సాయంత్రానికి ముసాయిదా రెండోసారి పదకొండిళ్లూ తిరిగి వచ్చింది. రెండు పేజీలు. దుర్గమ్మ అనాల్సిన చోట గార్మెంట్ కేర్ ప్రాక్టిషనర్ అని ఉంది. బండి అనాల్సిన చోట ఫెసిలిటీ అని ఉంది. ఇక ఒక్క మాటే మిగిలింది. ఆఫీసును రిక్వెస్ట్ చేయాలా, అప్పీల్ చేయాలా? దాని కోసం శుక్రవారం మధ్యాహ్నం చివరి సమావేశం పెట్టుకున్నారు.

గురువారం చీకటి పడేముందు అధ్యక్షులు బండి దగ్గరికి వెళ్లారు. "దుర్గమ్మా, రేపు శుక్రవారం. బండి తెరవకు. ఇన్‌స్పెక్టరు గారు రాసి వెళ్లారు. చివరి రోజున మన రికార్డులో మచ్చ ఉండకూడదు" అన్నారు.

"మీ బట్టలు ఉన్నయి సారూ, రేపు పొద్దుగాల చేసిద్దామనుకున్న."

"శనివారం ఇద్దువు గానీ. రేపు హాయిగా విశ్రాంతి తీసుకో."

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి సెలవు దొరికింది. దుర్గమ్మ అందరి బట్టలూ బండి కింది పెట్టెలో పెట్టి తాళం వేసి, శుక్రవారం పొద్దున్నే బర్కత్‌పురలోని అక్క ఇంటికి వెళ్లింది.

సమావేశం రెండున్నర గంటలు జరిగింది. రిక్వెస్ట్‌లో చేతులు కట్టుకున్నట్టు, అప్పీల్‌లో చేతులు జోడించినట్టు ఉంటుందని జోగారావు గారు వివరించారు. సొలిసిట్ అన్న మాట కూడా వచ్చింది. చివరికి అప్పీల్ ఆరు ఓట్లతో నెగ్గింది. నారాయణగూడ చౌరస్తా పక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మూడు కార్బన్ నకళ్లతో టైపు చేయించారు. నాలుగు గంటలకు ఉత్తరం వచ్చింది. అధ్యక్షులు సంతకం పెట్టారు. ఐదింటికి ఆఫీసు మూస్తారు. ఆటోలో పది నిమిషాల దూరం.

అధ్యక్షులు బీరువా తెరిచారు. తెల్ల చొక్కా లేదు. ఆయన తెల్ల చొక్కాలన్నీ దుర్గమ్మ పెట్టెలో ఉన్నాయి.

"దండెం మీద నీలం చొక్కా ఉందిగా, అది తొడుక్కుని వెళ్లండి" అని వేదవతి గారు చెప్పారు.

"నలిగి ఉంది."

"మన ఇస్త్రీ పెట్టె ఉందిగా. రెండు నిమిషాల్లో చేసిస్తాను."

"సంఘం దుర్గమ్మ తరఫున ఉత్తరం ఇస్తుంటే, అధ్యక్షుడి ఇంట్లో ఇస్త్రీ చేసుకున్నారంటే వాదన బలహీనపడదూ?"

వేదవతి గారు వంటింట్లోకి వెళ్లారు.

ఇంద్రసేన స్కూటర్ తాళంతో వాకిట్లో నిలబడి ఉన్నారు. "ఇటియ్యుండ్రి సార్, నేను ఇచ్చొస్త."

"సంతకం నాది ఇంద్రసేన గారూ."

"టైమ్ నాలుగున్నర అయితుంది సార్!"

"నియమం టైము చూసి మారదండీ."

ఐదు గంటలకు ఆఫీసు మూశారు. ఉత్తరం ఫైలులో భద్రంగా ఉంది.

శనివారం ఉదయం పది గంటలకు లారీ వచ్చింది. నలుగురు కూలీలు, వారి ముందు ఆఫీసరు బాలకిషన్ దిగారు. దుర్గమ్మ అప్పటికే బండి తెరిచింది. అధ్యక్షుల తెల్ల చొక్కా బండి మీద పరిచి ఉంది. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది కావాలి.

"ఏమక్కా, నోటీసు అందలేదా?"

"అందింది సారూ."

"మరి పదిహేను రోజుల్ల ఒక్కసారన్న వచ్చి చెప్పరాదా?"

"సార్లు రాస్తున్నరు. మధ్యల పోతె వాళ్ల రాత చెడిపోతదేమో అని పోలే."

అధ్యక్షులు బనియన్ మీద తువ్వాలు కప్పుకుని, ఉత్తరంతో గేటు దాటి వచ్చారు. ఆయన అలా వీధిలోకి రావడం సందువారు చూడటం అదే మొదలు. బాలకిషన్ ఉత్తరం తీసుకుని మొదటి పేజీ చదివారు. రెండో పేజీ చదివారు. మళ్లీ మొదటి పేజీకి వచ్చారు.

"ఇది దేని గురించి సార్?"

"దుర్గమ్మ గురించేనండీ."

"ఇందుల దుర్గమ్మ యాడుంది? ఫెసిలిటీ అని రాసిండ్రు. మీ ఉత్తరాలన్నీ సూసిన. ఎస్టాబ్లిష్‌మెంట్ అంటరు, లాండ్రీ అంటరు, యూనిట్ అంటరు. ఈడ పెద్ద కట్టడం ఉందనుకుని లారీ తోలుకొచ్చిన. నోటీసు ఇచ్చింది కట్టడం మీద సార్. ఇది బండి. దీనికి చక్రాలున్నయి. బండి అని ఒక్క ముక్క రాస్తే ఆ రోజే ఫైలు మూసేటోణ్ణి గద!"

బండి అన్న మాట ఫైలులో ఒక్కచోటే ఉంది. ఆఖరి పేజీలో, క్యాలెండర్ కాగితం వెనక.

"మరి ఇప్పుడు ఉండనిస్తరా సారూ?" అని దుర్గమ్మ అడిగింది.

బాలకిషన్ లారీని చూశారు. కూలీలను చూశారు. "లారీ వచ్చినంక ఉత్తగ పోతే నన్ను అడుగుతరక్కా. ఈ గోడ కాడ ఖాళీ అయినట్టు నేను రాయాలె. నువ్వు జర ఆ మూల మలుపు, అవతల సందుల పెట్టుకో. ఆడ ఎవ్వరి నోటీసు లేదు."

దుర్గమ్మ ఇస్త్రీ పెట్టెను పక్కకు దింపింది. బండి చక్రాలు పద్దెనిమిదేళ్లుగా తిరగలేదు. కూలీలు నలుగురూ చెయ్యి వేశారు. ఇంద్రసేన చొక్కా చేతులు మడిచి వెనక నుంచి తోశారు. సంఘం సభ్యులు వరండాల్లో నిలబడి చూశారు. బండి మూల మలుపు తిరిగి ఐదో సందులోకి వెళ్లింది. అధ్యక్షుల చొక్కా ఒక చెయ్యి ఇస్త్రీ అయి, ఒకటి కాకుండా, దాని మీదే వెళ్లింది.

ఐదో సందుకు సంఘం లేదు.

మర్నాడు సంఘం విజయోత్సవ సమావేశం జరిపింది. దుర్గమ్మను తొలగించలేదని, జరిపారని, ఈ రెండు మాటలకూ గల తేడా సంఘం రెండు వారాల కృషి ఫలితమని తీర్మానించింది. ఇప్పుడు నాలుగో సందువారు బట్టలు మోసుకుని నూట అరవై అడుగులు నడుస్తున్నారు. వాన వస్తే చొక్కాలు ఇంటికి చేరేలోగా మళ్లీ నలుగుతున్నాయి.

వారం చూసి వేదవతి గారు వెళ్లి అడిగారు. "నోటీసు గొడవ తీరిపోయిందిగా దుర్గమ్మా, మళ్లీ మా సందులోకి వచ్చేయకూడదూ?"

దుర్గమ్మ చీర మడత పెడుతూ అంది, "ఈడ నా గురించి ఎవ్వరు ఏం రాస్తలేరమ్మా. మంచిగుంది."

సంఘం ఈ జవాబును అంతిమంగా భావించలేదు. తిరిగి రావలసిందిగా దుర్గమ్మకు ఉత్తరం రాయాలని నిర్ణయించింది. ఆమెకు చదువు రాదు. అయినా ఉత్తరం ఇంగ్లీషులోనే తయారవుతోంది. ఆమెను ఇన్వైట్ చేయాలా, రీకాల్ చేయాలా అన్న చోట నాలుగో ఇంట్లో ఆగి ఉంది.

ఇంద్రసేన రాజీనామా ఇచ్చారు. 'నేను ఇగ రాను' అని తెలుగులో రాశారు. దానికి సరైన ఇంగ్లీషు మాట దొరికేవరకు ఆమోదించే వీలు లేకపోయినా, ఆయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఇది చదువుతున్నప్పుడు హాకర్, వెండర్ దగ్గర మీకు కూడా వాటికంటే మంచి మాట ఒకటి తోచే ఉంటుంది. లారీ వచ్చినప్పుడు కూడా అదే మాట మీ నాలుక మీద ఉండి ఉంటే, ఆ ఖాళీ కుర్చీ మీకే.